అందరి తరఫున ఒక వకీలు

జగిత్యాల కోర్టులో ఏ రోజు కేసుల జాబితా చూసినా భూతగాదాలు, భాగపంపకాలు, చెల్లని చెక్కులు, బెయిళ్లు, మోటారు ప్రమాదాల పరిహారం దావాలు వరసగా కనబడతాయి. కోరుట్లలోనైనా సిరిసిల్లలోనైనా వకీళ్లకు అన్నం పెట్టేది ఇవే. వీటి మధ్య ఎంత వెతికినా దొరకని కేసు ఒకటుంది. ఒక పెద్ద కంపెనీ వల్ల ఒకే తీరుగా నష్టపోయిన రెండు మూడు వందల మందిని ఒక్క దావాలోకి తెచ్చి, అందరి తరఫునా ఒకే వకీలు నడిపే కేసు. అమెరికాలో క్లాస్ యాక్షన్ అనే ఈ పని చేయడం ఒక పూర్తికాలపు వృత్తి. దాని మీద బతికే వకీళ్ల కార్యాలయాలు నగరనగరానా ఉన్నాయి. మన దగ్గర ఆ వృత్తి ఎందుకు పుట్టలేదు? మనవాళ్లు పది మంది ఒక మాట మీద నిలబడరని కొందరంటారు. మన చట్టంలో అందుకు చోటే లేదని ఇంకొందరంటారు. మొదటి మాటకు జగిత్యాలే జవాబు. 1978 సెప్టెంబరు 7న రైతుకూలీల జైత్రయాత్ర నడిచిన ఊరు అది. అక్కడి జనానికి కలిసి నిలబడటం ఒకరు నేర్పనక్కర్లేదు. రెండో మాటా నిలవదు, చట్టంలో చోటు నూరేళ్లకు పైగా ఉంది. ఈ పని చేసే వకీలుకు కూలి ఎవరిస్తారన్నది మాత్రం మన వ్యవస్థ ఎన్నడూ తేల్చలేదు. ఆ వృత్తి లేకపోవడానికి అసలు కారణం ఇదేనని నా వాదన.

ముందు చట్టం సంగతి చూద్దాం. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో మొదటి ఆర్డరు ఎనిమిదో రూలు ఉంది. ఒకే ప్రయోజనం ఉన్న చాలామంది తరఫున ఒకరిద్దరు కోర్టు అనుమతితో దావా నడపవచ్చని అది చెబుతుంది. 1986లో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం అదే వీలును సరుకు కొన్నవాడికి ఇచ్చింది. 2019 కొత్త చట్టంలో అది 35వ సెక్షన్‌లో ఉంది. కోర్టు ఖర్చు కూడా భయపడేంత లేదు. కొత్త చట్టం కింద కేసు ఏ కమిషన్‌లో వేయాలన్నది సరుకుకు చెల్లించిన సొమ్మును బట్టి తేలుతుంది, జరిగిన నష్టాన్ని బట్టి కాదు. ఆ సొమ్ము 50 లక్షలు దాటనంత వరకు జిల్లా కమిషన్ చాలు. 5 లక్షల లోపైతే ఫీజే లేదు. తలా 4 వేల రూపాయల విత్తనం కొన్న 300 మంది రైతులు కలిశారనుకోండి, మొత్తం 12 లక్షలు. పంట నష్టం కోట్లలోకి పోయినా వాళ్లు కరీంనగర్ కమిషన్ ముందే నిలబడవచ్చు. అయితే షరతులున్నాయి. ముందుగా కమిషన్ అనుమతి తీసుకోవాలి, మిగతా బాధితులకు తెలిసేలా ప్రకటన ఇవ్వాలి, అందరి గోడూ ఒకటేనని అర్జీలోనే వివరంగా చూపాలి. బెంగళూరు అపార్ట్‌మెంట్ల మీద నడిచిన బ్రిగేడ్ ఎంటర్‌ప్రైజెస్ కేసులో 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు పట్టుకున్నది ఈ చివరి షరతునే. గోడు ఒకటేనని ఫిర్యాదుదారులు సరిగా రాసుకోలేదని, అందరి తరఫున నడిపే హోదా ఇవ్వకుండా, ఫిర్యాదు చేసినవాళ్ల వరకే ఉమ్మడి కేసుగా నడుపుకొమ్మంది. అర్జీ రాయడంలోనే సగం కేసు ఉందని దీంతో తేలింది. ఆ రాత వకీలు పని, అందుకు రోజులు పడతాయి.

ఇక కేసు ఎక్కడ పుడుతుందో చూద్దాం. దేశానికి కావలసిన హైబ్రిడ్ వరి విత్తనంలో పెద్ద భాగం ఉమ్మడి కరీంనగర్, వరంగల్ జిల్లాల పొలాల్లోనే తయారవుతుంది. అది మామూలు వరిసాగు కాదు. పొలంలో మగ వరుసలు, ఆడ వరుసలు వేరువేరుగా నాటుతారు. ఏ వరుస ఏ రోజు నాటాలో కంపెనీ మనిషో, మధ్యనుండే ఆర్గనైజరో చెబుతాడు. పూత వేళకు ఇద్దరు మనుషులు తాడు చెరో కొసా పట్టుకుని మగ వరుసల మీదుగా లాక్కుంటూ పోతారు, పుప్పొడి లేచి ఆడ వరుసల మీద పడాలని. రెండు పూతలూ ఒక్కసారి రాకపోతే ఆ తాడు ఎన్నిసార్లు లాగినా గింజ పట్టదు. మూలవిత్తనం కంపెనీది, నాటే తేదీ కంపెనీ చెప్పింది. పొలం, నీళ్లు, కూలీలు, అప్పు రైతువి. ఇద్దరి మధ్యా కాగితం చాలాచోట్ల ఉండదు, ఉన్నా కంపెనీ పేరు కాక ఆర్గనైజరు పేరుంటుంది. గింజ పట్టని రైతు ఒక్కడే పోయి అడిగితే కంపెనీ జవాబు తయారుగా ఉంటుంది. నీ నేల బాగాలేదు, నువ్వు మందు సమయానికి కొట్టలేదు, ఆ వారం వాన పడింది అంటుంది. ఒక్క పొలాన్ని పట్టుకుని ఆ మాట తప్పని నిరూపించడం శాస్త్రవేత్తకు కూడా కష్టమే. అదే లాట్ నంబరు విత్తనం నాలుగు మండలాల్లో, రకరకాల నేలల్లో, రకరకాల బోర్ల కింద, నలభై పొలాల్లో ఒకే తీరుగా దెబ్బతిని, పక్కనే వేరే లాట్ వేసిన పొలం నిండుగా పండిందనుకోండి. అప్పుడు నేలనూ వాననూ అడ్డం పెట్టుకోవడానికి కంపెనీకి వీలుండదు. అందరినీ ఒక కేసులో కూర్చడం ఖర్చు కలిసిరావడానికే అనుకుంటాం గాని, అంతకంటే ముందు అది సాక్ష్యం. ఒక్కడి దగ్గర అనుమానంగా ఉన్నది నలభై మంది దగ్గర రుజువవుతుంది.

న్యాయస్థానాలు ఈ విషయంలో రైతుకు ఎదురు తిరిగాయని కూడా అనలేం. విత్తనం లోపాన్ని ప్రయోగశాల పరీక్షతోనే తేల్చాలని కంపెనీలు మొదటి నుంచీ పట్టుబట్టేవి. రైతు కొన్న విత్తనమంతా విత్తేస్తాడు, పరీక్ష కోసం పిడికెడు దాచి ఉంచడు. ఈ సంగతి కోర్టులు గుర్తించాయి. మన రైతులు మహారాష్ట్ర హైబ్రిడ్ సీడ్స్ మీద నడిపిన కేసులో 1998లోనే సుప్రీంకోర్టు ఆ సాకును ఒప్పుకోలేదు. ఆ తర్వాత కర్నూలు, మహబూబ్‌నగర్, గుంటూరు, ఖమ్మం, కడప జిల్లాల రైతులకూ జాతీయ విత్తన సంస్థకూ మధ్య నడిచిన కేసులో 2012 జనవరిలో ఇచ్చిన తీర్పు ఇంకా ముందుకెళ్లింది. విత్తన చట్టంలో రైతుకు పరిహారం ఇచ్చే ఏర్పాటు లేదు కాబట్టి వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చని చెప్పింది. కంపెనీ కోసం విత్తనం పండించి తిరిగి కంపెనీకే అమ్మే రైతు కూడా వినియోగదారుడేనంది. కరీంనగర్ విత్తన రైతుకు ఇంతకంటే కావలసిందేముంది? ఈ తీర్పు వచ్చి పదేళ్లు దాటింది. దాన్ని ఆధారం చేసుకుని పంటకాలం పంటకాలానికీ కొత్త కేసులు పుట్టాలి. రైతులు మాత్రం ఇప్పటికీ షాపు ముందు కూర్చుంటున్నారు, కలెక్టరేట్‌కు పోతున్నారు, రాస్తారోకో చేస్తున్నారు. కోర్టు మెట్లెక్కేది ఏ ఒక్కరో ఇద్దరో.

ఎందుకంటే ఆ కేసు పట్టే వకీలు ఏం చేయాలో లెక్క చూడండి. ఊరూరా తిరిగి ఖాళీ విత్తన పాకెట్లు పోగుచేయాలి. వాటి మీద లాట్ నంబరు చెదరకుండా ఉండాలి. బిల్లులు కావాలి. రాసివ్వని షాపువాడితో రాయించాలి. పైరు పొలంలో ఉండగానే వ్యవసాయాధికారిని, పొలాస పరిశోధనా స్థానం శాస్త్రవేత్తలను రప్పించి నివేదిక తీసుకోవాలి. కోత అయిపోతే సాక్ష్యం కూడా అయిపోతుంది. అఫిడవిట్లు, పత్రికా ప్రకటన, తర్వాత వాయిదాలు. అవతల కంపెనీ తరఫున హైదరాబాద్ నుంచి పెద్ద లాయరు వస్తాడు. కరీంనగర్‌లో గెలిస్తే రాష్ట్ర కమిషన్‌లో అప్పీలు, అక్కడా గెలిస్తే ఢిల్లీ. ఇన్నేళ్ల పనికి డబ్బు ఎవరివ్వాలి? పంట పోయిన రైతు ఇవ్వలేడు. గెలిచాక వచ్చే పరిహారంలో వాటా తీసుకుందామా అంటే బార్ కౌన్సిల్ నియమం ఒప్పుకోదు. కేసు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం, వచ్చిన సొమ్ములో పాలు పంచుకోవడం వృత్తి మర్యాదకు విరుద్ధమని ఆ నియమం. పోనీ, ఫలానా లాట్ విత్తనంతో నష్టపోయినవాళ్లు రావాలని కోరుట్ల బస్టాండులో ఒక పోస్టరు అంటించుకుందామా అంటే అదీ కుదరదు, వకీలు ప్రకటన ఇచ్చుకోకూడదు. అమెరికాలో ఈ ప్రకటనల నిషేధాన్ని 1977లోనే వాళ్ల సుప్రీంకోర్టు కొట్టేసింది. మన దగ్గర కలిసి కేసు వేసే హక్కును చట్టం ఇచ్చింది. జనాన్ని కలపడానికీ, కలిపినందుకు కూలి తీసుకోవడానికీ ఉన్న దారులను వృత్తి నియమాలు మూసేశాయి.

కూలి ఉంటే వకీలు వస్తాడనడానికి రుజువు మన కోర్టుల్లోనే ఉంది. మోటారు ప్రమాదాల కేసులు పట్టని వకీలు ఈ మూడు ఊళ్లలో అరుదు. గాయపడినవాళ్ల మీద వాళ్లందరికీ ప్రత్యేకమైన ప్రేమ ఉందని కాదు. బీమా కంపెనీ డబ్బు కడుతుంది, పరిహారం లెక్కకు ఒక పద్ధతి ఉంది, కేసు గెలుస్తుందన్న నమ్మకం ఉంది. ఆ వచ్చిన దాంట్లో వకీళ్లు ఎంతోకొంత శాతం మాట్లాడుకుంటారన్నది అందరికీ తెలిసిన రహస్యమే. ఈ రహస్యం సుప్రీంకోర్టు దాకా పోయింది కూడా. భర్తను రోడ్డు ప్రమాదంలో పోగొట్టుకున్న ఒక తెలంగాణ మహిళ పరిహారం కేసులో వకీలు లక్షల్లో ఫీజు తీసుకుని, ఇంకా చెక్కు రాయించుకుని, అది చెల్లకపోతే ఆమె మీదే క్రిమినల్ కేసు వేశాడు. 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది. వచ్చిన సొమ్ములో శాతం అడగడం ప్రజాహితానికి విరుద్ధమంది. వకీళ్ల ఫీజులకు ఒక చట్టం ఉండాలని కూడా సూచించింది. తీర్పు న్యాయమైనదే. కానీ అందులో రెండో సూచన మరుగున పడిపోయింది, మొదటి నిషేధం ఒక్కటే మిగిలింది. నిషేధం వల్ల వాటాలు ఆగిపోలేదు. పైకి చెప్పని వాటా మీద ఏ జడ్జికీ అదుపుండదు, కాబట్టి అమాయకురాలు మోసపోవడానికి ఎక్కువ వీలుంటుంది.

ఒకే మోసానికి రెండు దేశాల్లో ఏం జరిగిందో చూస్తే తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు లెక్కలన్నీ తప్పుడువని ఉత్తరం రాశారు. కంపెనీ హైదరాబాద్‌ది, షేర్లు కొన్నవాళ్లు లక్షల్లో ఉన్నారు, అందులో ఎక్కువమంది మనవాళ్లు. కంపెనీ షేర్లు న్యూయార్క్ మార్కెట్లో కూడా అమ్ముడయ్యేవి కాబట్టి అక్కడి వకీళ్లు వెంటనే సామూహిక దావా వేశారు. 2011లో సత్యం 12.5 కోట్ల డాలర్లు, దాని ఆడిటర్లు 2.55 కోట్ల డాలర్లు కట్టి రాజీ పడ్డారు. ఇక్కడ మిడాస్ టచ్ అనే మదుపుదార్ల సంఘం దాదాపు 5 వేల కోట్ల రూపాయలు అడుగుతూ జాతీయ వినియోగదారుల కమిషన్‌కు పోయింది. ఇది తాను తేల్చగల వ్యవహారం కాదని కమిషన్ పంపించేసింది. 2009 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. అమీర్‌పేటలో షేరు కొన్నవాడు మునిగాడు, న్యూయార్క్‌లో కొన్నవాడికి కొంతైనా చేతికొచ్చింది. ఈ పరువు తక్కువ పనికి విరుగుడుగా 2013 కంపెనీల చట్టంలో సామూహిక దావాకు వీలిచ్చే 245వ సెక్షన్ పెట్టారు, అది 2016 జూన్ నుంచి అమల్లో ఉంది. ఆ చట్టంలోనే ఇంకో ఏర్పాటు ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఈ రకం దావా నడిపిన మదుపుదార్లకు న్యాయ ఖర్చులను ట్రిబ్యునల్ మంజూరు చేసిన మేరకు మదుపుదార్ల రక్షణ నిధి నుంచి తిరిగి ఇవ్వవచ్చని 125వ సెక్షన్ చెబుతుంది. అందరి తరఫున నడిచే దావాకు ఎవరో ఒకరు డబ్బు పెట్టాలన్న సంగతి చట్టం రాసేవాళ్లకు బాగా తెలుసన్నమాట. షేరు కొన్నవాడి విషయంలో వాళ్లకు అది గుర్తొచ్చింది.

పని కోసం దేశం దాటినవాళ్ల సంగతీ ఇంతే. టాటా కన్సల్టెన్సీ భారతదేశం నుంచి తీసుకెళ్లిన ఉద్యోగులు తమ పన్ను వాపసు సొమ్మును కంపెనీ రాయించుకుందని, జీతంలో కోత పెట్టిందని 2006లో కాలిఫోర్నియాలో సామూహిక దావా వేశారు. 2013లో కంపెనీ దాదాపు 3 కోట్ల డాలర్లకు రాజీ పడింది. లబ్ధి పొందినవాళ్లు దాదాపు 13 వేల మంది. ఇప్పుడు 2016లో సౌదీలో కుదేలైన సౌదీ ఓజర్ కంపెనీ సంగతి తలుచుకోండి. నెలల తరబడి జీతాలు లేక, క్యాంపుల్లో తిండి లేక వేలమంది భారతీయ కార్మికులు ఇరుక్కుపోయారు. విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ జోక్యం చేసుకుని భోజనం పంపించాల్సి వచ్చింది, సహాయ మంత్రి జెడ్డా పోవాల్సి వచ్చింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో గల్ఫ్ జీతం ఎగవేత కొత్త ముచ్చటేం కాదు. విమానం టికెట్టు దొరికితే చాలన్నట్టు బాకీ వదులుకుని వచ్చినవాళ్లు వాడవాడకూ ఉంటారు. ఇద్దరూ మన దేశపు పనివాళ్లే. ఒకరికి అందరి పేరా దావా వేసే వకీలు దొరికాడు, ఇంకొకరికి ఇంటికొచ్చే టికెట్టు దొరికింది.

ఇంత చెప్పాక, ప్రభుత్వం ఉంది కదా అనే ప్రశ్న వస్తుంది. ఉంది, కొన్నిసార్లు గట్టిగానే నిలబడింది. 2006లో బీటీ పత్తి విత్తనం 450 గ్రాముల పాకెట్ 1,600 రూపాయల పైన అమ్ముతుండగా, మహికో మోన్‌శాంటో వసూలు చేసే రాయల్టీ మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే గుత్తాధిపత్య నిరోధక కమిషన్‌కు వెళ్లింది. కమిషన్ రాయల్టీ తగ్గించమంది, రాష్ట్రం పాకెట్ ధర 750 రూపాయలకు దింపింది. ఒక్కో పత్తి రైతు విడిగా పోరాడి సాధించగలిగేది కాదది. కానీ ప్రభుత్వం తన వీలు, తన తీరిక చూసుకుని కదులుతుంది. మ్యాగీ నూడుల్స్ మీద కేంద్రం 2015లో అందరి తరఫునా వేసిన 640 కోట్ల దావాను జాతీయ కమిషన్ 2024 ఏప్రిల్‌లో కొట్టేసింది. భోపాల్ గ్యాస్ బాధితులందరి తరఫున మాట్లాడే హక్కును 1985లో చట్టం చేసి మరీ తన చేతిలోకి తీసుకున్న కేంద్రం, 1989లో 47 కోట్ల డాలర్లకు రాజీ పడినప్పుడు ఆ బాధితులను అడగలేదు. ప్రజాహిత వ్యాజ్యం ఉంది కదా అనేవాళ్లూ ఉన్నారు. డిపాజిట్లు ఎగ్గొట్టిన అగ్రిగోల్డ్ కంపెనీ ఖాతాదార్ల సంఘం హైకోర్టుకు పోయి ఆస్తుల జప్తు, వేలం దాకా తీసుకెళ్లింది, అది గొప్ప పనే. కానీ చిన్న ఖాతాదార్ల చేతికి డబ్బు అందిందంటే, 2019లో కొంత, 2021లో మళ్లీ కొంత, అదంతా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన ఖజానా నుంచి తన రాష్ట్రంవాళ్లకు ఇచ్చింది. కంపెనీ చేసిన తప్పుకు ముందుగా డబ్బు కట్టింది పన్ను కట్టేవాళ్లు.

ప్రభుత్వమే వకీలును పెట్టిన చోట ఏం సాధ్యమవుతుందో బీడీ కార్మికుల కేసు చూపిస్తుంది. కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల వైపు ఎన్ని ఇళ్లలో ఆడవాళ్ల ఒళ్లో చాట ఉంటుందో లెక్కలేదు. ఆకూ తంబాకూ ఇచ్చేది కంపెనీ, మధ్యలో ఠేకేదారు. వీళ్లు ఇంట్లో కూర్చుని చేసుకునేవాళ్లు, మా కార్మికులు కారు, భవిష్యనిధి మేమెందుకు కట్టాలి అని కంపెనీలు కోర్టుకు పోయాయి. కట్టలు తెచ్చి ఇచ్చినప్పుడు బాగాలేని బీడీలు ఏరి పక్కన పడేస్తారు చూడండి, 1985లో సుప్రీంకోర్టు సరిగ్గా దాన్నే పట్టుకుంది. వద్దని పడేసే అధికారం ఉందంటే పని మీద అదుపు ఉన్నట్టే, అదుపు ఉన్నవాడు యజమానే అంది. తర్వాత తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు భృతి ఇచ్చినప్పుడు పీఎఫ్ నమోదే అర్హతకు గీటురాయి అయింది. ఆ కేసులో కంపెనీలకు ఎదురు నిలబడింది కేంద్రం, దాని వకీలుకు ఫీజు ఖజానా నుంచి వచ్చింది. ఉచిత న్యాయసహాయం ఇచ్చే లీగల్ సర్వీసెస్ వాళ్లు ఈ పని చేయలేరా? మహిళలకు, దళితులకు, గిరిజనులకు ఆదాయంతో పని లేకుండా వాళ్లు వకీలును ఇస్తారు. ఒక మనిషికి ఒక కేసుకైతే ఆ ఏర్పాటు పనికొస్తుంది. ఇచ్చే గౌరవ వేతనంతో ఒక వకీలు ఏళ్ల తరబడి నలభై ఊళ్ల కాగితాలు మోయగలడని మాత్రం ఎవరూ అనరు.

ఇలాంటి వకీళ్లు పుట్టుకొస్తే పరిశ్రమలు పారిపోతాయన్నది వ్యాపారుల మాట. దీనికి సిరిసిల్ల లాంటి ఊళ్లు చూసిన చరిత్రే జవాబు. సాంచాల మీద బతికే కార్మికులకూ చిన్న ఆసాములకూ అప్పు అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు, అక్కడి ఆత్మహత్యల వార్తలు రాష్ట్రమంతా చదివింది. 2010లో మైక్రోఫైనాన్స్ వసూళ్ల వేధింపుల మీద రాష్ట్రమంతటా గగ్గోలు పుట్టింది. వేధించిన కంపెనీ ఏది, పద్ధతిగా నడిచినది ఏది అని కోర్టులో తేల్చే కేసులు లేవు, ఎందుకంటే పది వేల అప్పు మీద ఏ ఒక్కరూ కోర్టుకు పోరు. ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ కంపెనీ షేర్లు మార్కెట్లోకి వచ్చిన కొన్ని నెలలకే, అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. ఈగను కొట్టడానికి రోకలి ఎత్తినట్టయింది. మంచీ చెడూ తేడా లేకుండా అందరి వసూళ్లూ కూలబడ్డాయి, ఆడవాళ్ల సంఘాలకు చిన్న అప్పు పుట్టడం కష్టమైంది. రిజర్వు బ్యాంకు అదుపులో ఉన్న సంస్థలకు ఆ చట్టం వర్తించదని తెలంగాణ హైకోర్టు చెప్పేసరికి 2023 వచ్చింది. తప్పు చేసిన కంపెనీ మీద బాధితులే ఒక దావా నడపగలిగితే మిగతా కంపెనీలు బతికి ఉండేవి. వ్యాపారులు భయపడాల్సింది వకీలుకా, అక్టోబరు ఆర్డినెన్సుకా అన్నది వాళ్లే ఆలోచించుకోవాలి.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం వేరే ఉంది. దాన్ని తేలిగ్గా తీసేయడం నాకు చేతకాదు. అమెరికాలో ఈ వృత్తి పాడైన సందర్భాలు చాలా ఉన్నాయి. జనం చేతికి వచ్చింది తగ్గింపు కూపను, వకీలు చేతికి వచ్చింది కోట్ల రొక్కం అన్న కేసులు చూసి చూసి 2005లో వాళ్ల కాంగ్రెస్ ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. కంపెనీతో చేతులు కలిపి చవకగా రాజీ రాసిచ్చే వకీలు ఇక్కడ పుట్టడన్న పూచీ ఏమీ లేదు. మన జనానికి చదువు తక్కువ, కోర్టుకు దూరం ఎక్కువ, కాబట్టి మోసం ఇంకా తేలిక. కానీ దీనికి కావలసిన కళ్లెం మన సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనే సగం ఉంది. అందరి తరఫున నడిచే దావాలో కోర్టు అనుమతి లేకుండా రాజీ చెల్లదని 23వ ఆర్డరు చెబుతుంది. మిగతా సగం మనం చేర్చుకోవాలి. బాధితులకు ప్రకటన ఇచ్చే పని వకీలుకు వదలకుండా కమిషనే చేయాలి. వకీలు ఫీజు ముందు మాట్లాడుకున్న శాతం కాకుండా, గెలిచాక చేసిన పని చూసి జడ్జి నిర్ణయించేదిగా ఉండాలి. దానికి ఒక గరిష్ఠ పరిమితి పెట్టి, అది పరిహారంలోంచి పోతుందో కంపెనీ మీద పడుతుందో తీర్పులోనే రాయాలి. 2017 తీర్పు భయపడింది బలహీనుడైన కక్షిదారుకూ బలవంతుడైన వకీలుకూ మధ్య చాటుగా జరిగే బేరానికి. జడ్జి అందరి ముందు లెక్కకట్టి ఇచ్చే రుసుముకు ఆ భయం వర్తించదు. కేసుకు బయటివాళ్లు పెట్టుబడి పెట్టి గెలిచాక తీసుకోవడానికి అడ్డేమీ లేదని 2018లో సుప్రీంకోర్టే అంది. అయితే పెట్టుబడిదారు వందల కోట్ల కేసు వెతుక్కుంటాడు గాని మక్క విత్తనం కేసు కోసం మల్లాపూర్ రాడు.

బార్ కౌన్సిల్ తన నియమం మార్చుకోవాలంటే ఏళ్లు పట్టవచ్చు, ఫీజుల చట్టం రావాలంటే ఇంకా ఎక్కువే పట్టవచ్చు. దానికంటే ముందు చేయగలిగింది ఒకటుంది. వినియోగదారుల సంక్షేమ నిధి అని ఒకటి జీఎస్టీ చట్టం కింద ఉంది, తిరిగి ఇవ్వాల్సిన వాళ్లెవరో తేలని పన్ను సొమ్ము అందులో చేరుతుంది. దాన్ని ఎలా ఖర్చు పెట్టాలో జీఎస్టీ నిబంధనల్లో 97వది చెబుతుంది. వినియోగదారుల వివాదంలో ఫిర్యాదుదారుకు గాని, ఒక సమూహానికి గాని అయిన న్యాయ ఖర్చులు ఆ నిధి నుంచి తిరిగి ఇవ్వవచ్చని అందులో ఇప్పటికే ఉంది. కాకపోతే ఎంపిక చేసిన కేసులకే, అదీ అంతిమ తీర్పు వచ్చాక. కరీంనగర్‌లో మొదలై ఢిల్లీలో తేలే కేసుకు అంతిమ తీర్పు వచ్చేసరికి ఆ వకీలు మళ్లీ మోటారు ప్రమాదాల కేసులకు వెళ్లిపోయి ఉంటాడు. సమూహం తరఫున కేసు నడపడానికి కమిషన్ అనుమతి ఇచ్చిన రోజునే మొదటి విడత ఖర్చు ఇవ్వాలని, ఓడితే కమిషన్ లెక్కలు చూసి మిగిలింది తేల్చాలని ఆ నిబంధనను సవరించడానికి పార్లమెంటులో బిల్లు పెట్టనక్కర్లేదు. జీఎస్టీ కౌన్సిల్ సిఫారసు, ఆ పైన కేంద్ర ఆర్థిక శాఖ నోటిఫికేషన్ ఒకటి సరిపోతాయి. కౌన్సిల్ సమావేశంలో తెలంగాణ మంత్రికీ ఒక కుర్చీ ఉంటుంది. పన్ను రేట్ల మీద మాట్లాడినట్టే దీని మీదా అక్కడ మాట్లాడవచ్చు.